మమత పెట్టిన అర్జీ

హైదరాబాదు నుంచి వచ్చిన ఆ పద్నాలుగు పేజీల ఇంగ్లిషు కాగితాన్ని సంధ్యారాణి మూడు నెలలు ముట్టుకోలేదు. సంఘాలకు నిధులిచ్చే ఒక సంస్థ పంపింది దాన్ని. తమ సాయం తీసుకునే ప్రతి సంఘమూ మానవ హక్కుల మీద, సమానత్వం మీద సొంతంగా ఒక విధానం రాసుకోవాలని, దాన్ని సభ్యులందరి ముందు చదివి ఆమోదించుకోవాలని, జూన్ నెలాఖరు దాటొద్దని అందులో ఉంది.

ఇలాంటివి ఆమెకు కొత్త కాదు. బాలల రక్షణ విధానం, పర్యావరణ విధానం, పారదర్శకత విధానం అన్నీ ఇనుప బీరువా పై అరలో వరసగా ఉన్నాయి. తనిఖీకి వచ్చినవాళ్ళు అడిగితే దించి చూపించడం, వాళ్ళు మెట్లు దిగగానే మళ్ళీ పైకి చేర్చడం. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పనే.

గోదావరిఖని బస్టాండుకు పోయే దారిలో ఒక మందుల దుకాణం పైన రెండు గదుల్లో ఉంటుంది గనిబస్తీ హక్కుల సంఘం. కిటికీ తెరిస్తే బొగ్గు దుమ్ము వచ్చి రిజిస్టర్ల మీద పరుచుకుంటుంది. మూస్తే ఊపిరాడదు. కాలనీల్లో, ఆఫీసుల్లో కాంట్రాక్టర్ల కింద ఊడ్చే, కడిగే, చెత్త మోసే ఆడవాళ్ళ కోసం పనిచేసే సంఘం అది. పనిలోంచి తీసేస్తే అర్జీ రాయడం, లేబర్ ఆఫీసుకు వెంటబెట్టుకుని పోవడం, వాయిదాల వెంట తిరగడం. నలుగురు ఫీల్డ్ కార్యకర్తలు బస్తీలు తిరుగుతారు. సంధ్యారాణి కార్యదర్శి. రఘుపతి అధ్యక్షుడు.

మే నెలలో ఒక పొద్దున రఘుపతి ఒక ఫైలు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. ఆయనకు అరవై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళ నొప్పులు. మెట్లెక్కి రాగానే కాసేపు గోడ పట్టుకుని నిలబడతాడు.

"కరీంనగర్ల ఇంకో సంఘమోళ్ళు ఇంగ్లిషుల రాసుకున్నది ఇది. మంచిగనే ఉన్నది. పేరు మార్చి పంపు బిడ్డా. దీనికి అంత ఫికరెందుకు?"

పేరు మార్చి పంపింది. వారం తిరగక ముందే హైదరాబాదు నుంచి ఋషికేశ్ ఫోన్ చేశాడు. ఈ ప్రాంతపు సంఘాలను చూసుకునే అధికారి అతను. మర్యాదస్తుడు.

"మేడం, ఈసారి తెలుగులో కావాలండీ. చదివిన మీటింగ్ ఫొటోలు, సభ్యుల సంతకాలు కూడా."

అందుకని ఆమె దాన్ని తెలుగులో రాయడానికి కూర్చుంది. కరీంనగర్ కాగితాన్ని అప్పుడే మొదటిసారి పూర్తిగా చదివింది. వివక్ష అన్న మాట దగ్గర ఆగిపోయింది. ఆ మాట చదివితే మీటింగులో ఆడవాళ్ళు ఆవలిస్తారని ఆమెకు తెలుసు. ఎదురుగా కూర్చుని మంచినీళ్ళు తాగుతున్న సారక్కను అడిగింది. సారక్క పదిహేనేళ్ళుగా ఫీల్డ్ కార్యకర్త. ఐదో తరగతితో చదువు ఆగిపోయినా ఖని బస్తీల్లో ఆమె ఎరగని గడప లేదు.

"ఒకల్ని ఒక తీరు, ఇంకొకల్ని ఇంకో తీరు చూసుడు అని రాయి. ముసలోళ్ళకు సుత అర్థమైతది" అంది సారక్క.

అలాగే రాసింది. అలా మూడు రోజుల్లో పదకొండు నియమాలయ్యాయి. ఏడోది ఇలా ఉంది: "కడుపుతో ఉన్నదని గానీ, కాన్పు అయిందని గానీ, చంటిపిల్ల ఉన్నదని గానీ ఎవరినీ పనిలోంచి తీసేయకూడదు. కాన్పుకు సెలవు ఇవ్వాలి. సెలవు అయ్యాక అదే పని తిరిగి ఇవ్వాలి."

ఆ వాక్యం రాసేటప్పుడు తనకు మమత గుర్తు రాలేదని సంధ్యారాణి తర్వాత అందరి ముందూ ఒప్పుకుంది. అంత అలవాటుగా రాసేసింది.

*

సంధ్యారాణి తండ్రి బుచ్చన్న మంథని పక్క పల్లె నుంచి వచ్చి గనిలో బొగ్గు నింపే పనిలో చేరినవాడు. ఆమెకు పదిహేడేళ్ళప్పుడు జబ్బు చేసి డ్యూటీలో ఉండగానే చనిపోయాడు. తల్లికి అక్షరం ముక్క రాదు. ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలు. ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో, ఏ గది ముందు ఎంతసేపు నిలబడాలో చెప్పినవాడు రఘుపతి. అప్పుడాయన యూనియన్‌లో తిరిగేవాడు. సమ్మెల్లో జైలుకు పోయి వచ్చినవాడు. తండ్రి బదులు తల్లికి గని కంపెనీలో పని దొరికేదాకా తొమ్మిది నెలలు తన డ్యూటీ అయ్యాక సైకిలు మీద వచ్చి, ఆమెను వెంటబెట్టుకుని ఆఫీసులు తిప్పాడు. ఒక్కనాడు విసుక్కోలేదు. ఆ ఇంట్లో ఆయన్ని కాక అని పిలవడం అలా మొదలైంది.

ఆయన సంఘం పెట్టినప్పుడు ఇంటర్ చదివిన సంధ్యారాణి వచ్చి చేరింది. దూరవిద్యలో డిగ్రీ చేసింది. ఓపెన్‌కాస్ట్ గనిలో కాంట్రాక్టు కింద లారీ నడిపే ఉపేందర్‌ను పెళ్ళి చేసుకుంది. కూతురు కడుపులో ఉన్నప్పుడు తొమ్మిదో నెల దాకా బస్తీలు తిరిగింది. కాన్పయిన ఇరవై ఒకటో రోజున పసిపిల్లను ఎత్తుకుని ఆఫీసుకు వచ్చింది. కిటికీ ఊచకూ బీరువా పిడికీ పాత చీర కట్టి ఉయ్యాల వేసి, కాలితో ఊపుతూ అర్జీలు రాసింది. సంఘంలో కొత్తగా చేరిన ప్రతి అమ్మాయికీ ఈ ముచ్చట చెప్పేది. నాకు ఎవరూ ఏమీ ఇయ్యలేదు, నేను అడగలేదు అనేది. ఆ మాట అన్నప్పుడు ఆమె వెన్ను కాస్త నిటారుగా అయ్యేది.

*

జూన్ రెండో ఆదివారం ఒక లేబర్ కాలనీలోని కమ్యూనిటీ హాల్లో మీటింగు పెట్టారు. వానలింకా పడలేదు. పొద్దున డ్యూటీ చేసి వచ్చిన అరవై మంది ఆడవాళ్ళు కొంగులతో విసురుకుంటూ కింద చాపల మీద కూర్చున్నారు. కొందరికి కునికిపాట్లు. సంధ్యారాణి నిలబడి నియమాలు ఒకటొకటిగా చదివింది. ఫొటోలు తీశారు. ఎనిమిదోది చదవబోతుంటే గోడ పక్క నుంచి సారక్క చెయ్యెత్తింది.

"మల్లొక్కసారి సదువు సంధ్యా, ఏడోది."

చదివింది.

"ఇది కాంట్రాక్టర్లకా, మనకా?"

"మనకే అక్కా. మన సంఘానికి."

"మనకైతే మరి మమత సంగతేంది?"

విసురుకుంటున్న కొంగులు ఆగాయి. మమత ఎవరో ఆ హాల్లో అందరికీ తెలుసు. ఐదేళ్ళు ఫీల్డ్ కార్యకర్తగా వాళ్ళ ఇళ్ళకు వచ్చిన అమ్మాయి. ఇరవై తొమ్మిదేళ్ళది. కిందటి ఆగస్టులో ఏడో నెల కడుపుతో పని మానేసింది. అత్తగారింట్లో ఉంటుందని, తనే వద్దనుకుందని బస్తీల్లో అనుకున్నారు.

తనే వద్దనుకోలేదన్నది సంధ్యారాణికి తెలుసు, రఘుపతికి తెలుసు, సారక్కకు తెలుసు.

రఘుపతి కుర్చీలోంచి మెల్లగా లేచాడు. "సారక్కా, ఈ నియమాలు ఇయ్యాల్టి నుంచి అమలైతయి. ఎన్కటియి తవ్వుకుంట కూసుంటే ముంగటికి పోలేం. సంతకాలు పెట్టుండ్రి తల్లీ, ఎండ ముదురుతున్నది."

అందరూ సంతకాలు పెట్టారు. సారక్క కూడా పెట్టింది. పెట్టి, పెన్ను మూత బిగించి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఉపేందర్ డ్యూటీ దిగి వచ్చేసరికి సంధ్యారాణి గడప మీద కూర్చుని ఉంది. పొయ్యి ముట్టించలేదు. అడిగితే జరిగింది చెప్పింది. కిందటి ఆగస్టు సంగతి కూడా అప్పుడే మొదటిసారి వివరంగా చెప్పింది. బస్తీల్లో సర్వే మొదలవుతుండగా రఘుపతి కాక పిలిచి, ఆ పిల్ల ఏడో నెలతో ఎండలో తిరిగితే రేపేమన్నా అయితే మన మీదికొస్తది, ఇంట్లో ఉండమను, ఇంకొకరిని చూద్దాం అన్నాడు. ఆరోగ్య కారణాల వల్ల మీ సేవలు నేటితో ముగిస్తున్నాము అని తను ఉత్తరం టైపు చేసి సంతకం పెట్టింది. కాన్పయినంక చూద్దాంలే అని చేతికిచ్చింది. జనవరిలో పిల్లను ఎత్తుకుని మమత వస్తే ఆ పనిలో అప్పటికే ఇంకొకరు ఉన్నారు. ఖాళీ వస్తే పిలుస్తానంది.

ఉపేందర్ బూట్లు విప్పుతూ విన్నాడు. "మా కాంట్రాక్టరు గిట్ల జేస్తే నువ్వేం జేస్తవు?"

"నోటీసిస్త."

అతను లేచి బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాడు.

*

పది రోజుల తర్వాత సారక్క ఒక కవరు తెచ్చి బల్ల మీద పెట్టింది. గీతల కాగితం మీద గుండ్రటి అక్షరాలు. ఆ అక్షరాలను సంధ్యారాణి ఐదేళ్ళు రోజూ చూసింది.

"సంఘం ఫిర్యాదుల కమిటీ వారికి. నేను ఏడు నెలల గర్భిణిగా ఉన్నప్పుడు నన్ను పనిలోంచి తీసేశారు. కాన్పు తర్వాత తిరిగి తీసుకోలేదు. మీరు రాసుకున్న ఏడో నియమం ప్రకారం ఇది తప్పు. తీసేసిన ఉత్తరం మీద సంతకం కార్యదర్శి గారిది. విచారించగలరు."

తొమ్మిదో నియమం ప్రకారం ఫిర్యాదుల కమిటీకి పెద్ద ఎవరంటే, కార్యదర్శి.

రఘుపతి ఆ కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"బీరువల పెట్టు. రెండు నెలలైతే అదే సల్లబడ్తది."

"నంబరు వెయ్యాలె కాకా. రిజిస్టర్ల ఎక్కియ్యాలని మనమే రాసుకున్నం."

"రాసుకున్నం. ఎవరి కోసం రాసినం? హైదరాబాదోళ్ళు అడిగితే రాసినం." ఆయన గొంతు పెరగలేదు. అలసట మాత్రం వినిపించింది. "నాలుగు నెలల సంది ఆ ఊడ్చేటోళ్ళ కేసు నడుస్తున్నది. కాన్పుకు పోయిన నలుగురిని కాంట్రాక్టరు తీసేసిండని మనమే లేబరాఫీసుల కూసున్నం. గిప్పుడు ఈ కాగితం బయటికి పోతే ఏమైతది చెప్పు? మీరే గట్ల జేసిన్రు గద అని ఆని మనుషులు నవ్వుతరు. నలుగురి పొట్ట మీద కొట్టినట్టైతది. ఒక్కదాని కోసం నలుగురినా?"

సంధ్యారాణి అర్జీని మడిచి కవర్లో పెట్టింది. ఆయన అన్నది అబద్ధం కాదు. తన తల్లిని వెంటబెట్టుకుని ఆఫీసులు తిరిగిన మనిషి, చెడ్డ బుద్ధితో అనే మనిషి కాదు. అర్జీని ఆమె బీరువా పై అరలో పెట్టింది. విధానాల కాగితాల పక్కనే.

నాలుగు రోజులు అక్కడే ఉంది అది. ఆ నాలుగు రోజుల్లో ఆమె లేబర్ ఆఫీసుకు రెండు ఉత్తరాలు రాసింది. గర్భిణి అయిన కారణంగా తొలగించడం అన్యాయమని రెండింటిలోనూ రాయాల్సి వచ్చింది. రెండోసారి ఆ మాట దగ్గర పెన్ను కింద పెట్టేసింది. లేచి బీరువా తెరిచి, అర్జీ తీసి, రిజిస్టరులో ఒకటో నంబరు వేసి ఎక్కించింది. అప్పటిదాకా ఆ రిజిస్టరు ఖాళీగా ఉంది.

మర్నాడు సెంటినరీ కాలనీకి వెళ్ళింది. మమత మామ కంపెనీ కార్మికుడు. వరసగా ఒకే తీరున ఉండే క్వార్టర్లలో వాళ్ళది చివరి నుంచి రెండోది. మమత భర్త రామగుండంలో కాంట్రాక్టు వెల్డరు, డ్యూటీలో ఉన్నాడు. అత్త బట్టలు ఆరేస్తూ లోపలికి చూసి, "మీ ఆఫీసామె వచ్చింది" అంది.

మమత తలుపు దగ్గరికి వచ్చింది. చంకలో ఎనిమిది నెలల పిల్ల. కుర్చీ వేసింది. నీళ్ళిచ్చింది. తను కింద కూర్చుని పిల్లను కాళ్ళ మీద వేసుకుంది.

"నువ్వొస్తవని అనుకోలే అక్కా."

"అర్జీకి నంబరేసిన. నేను దాని విచారణల కూసోను. సంతకం నాది గద. వేరేటోళ్ళు వింటరు."

మమత తల ఊపింది. పిల్ల చేతి వేళ్ళను సరిచేసింది.

"నీ సంతకం నాకు బాగ తెల్సు. ఎన్ని అర్జీల మీద చూసిన! అది చూస్తెనే ఆడోళ్ళకు ధైర్యముండేది. నా చేతుల పెట్టిన కాగితం మీద గూడ అదే సంతకముంటే, ఇది ఎవలకు చూపియ్యాల్నో నాకు సమజ్ గాలే."

"జనవరిల వచ్చినప్పుడే నన్ను నిలదీయకపోయినవా? కొట్లాడకపోయినవా?"

"కొట్లాడుమని అందరికి చెప్పేది నేను. ఐదేండ్లు ఇల్లిల్లు తిరిగి చెప్పిన. మరి నన్నెందుకు తీసేసిన్రు అని బస్తీల అడుగుతే ఏం చెప్పాలె? నేనే మానుకున్న అని చెప్పిన. పిల్ల కోసం మానుకున్న అని. అట్ల చెప్పుకుంట మీ పరువు నేను కాపాడిన." ఆమె పిల్లను భుజాన వేసుకుంది. "పని పోయిన దానికన్న ఆ అబద్ధం ఎక్కువ నొచ్చిందక్కా."

సంధ్యారాణి క్షమించమని అడగాలనుకుంటూనే వచ్చింది. అడగలేకపోయింది. అడిగితే మమత సరేననక తప్పదని, అలా అనిపించుకోవడం కూడా ఇంకో బలవంతమే అవుతుందని అనిపించింది. నీళ్ళ గ్లాసు కింద పెట్టి, విచారణ తేదీ చెప్పి లేచింది.

*

విచారణకు మంథని నుంచి శ్యామలాదేవిని పిలిచారు. ఆమె ముప్పై నాలుగేళ్ళు ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పి రిటైరైన టీచరు. సంఘంలో సభ్యురాలు కాదు, ఎవరి బంధువూ కాదు. రెండో మనిషిగా సారక్కను పెట్టాలని శ్యామలాదేవే అంది. అర్జీ తెచ్చిన మనిషి గదా అని సారక్క వెనకాడితే, మమతకు ఎదురుగా తెలిసిన ముఖం ఒకటి ఉండాలని కూర్చోబెట్టింది.

రఘుపతి రానన్నాడు. ఆ పొద్దున పదిన్నరకు మెట్ల మీద ఆయన అడుగుల చప్పుడు వినిపించింది. వచ్చి, గోడ పట్టుకుని కాసేపు నిలబడి, ఓ పక్క స్టూలు మీద కూర్చున్నాడు. ఎప్పుడూ కూర్చునే కుర్చీలో కూర్చోలేదు.

పిల్లను ఎత్తుకుని వచ్చిన మమత జరిగింది చెప్పింది. తేదీలు, మాటలు, ఉత్తరం. ఎక్కువ చెప్పలేదు.

"మీరు చెప్పేది చెప్పండి" అంది శ్యామలాదేవి రఘుపతితో.

"చెప్పేదేమున్నది టీచరమ్మా? ఏడో నెల. బయట ఆగస్టు ఉక్కపోత. రోజుకు మూడు బస్తీలు నడువాలె. ఏమన్నైతే జవాబెవలు చెప్తరు? ఆ పిల్ల మంచి కోసమే చేసిన. నాకు బిడ్డ లెక్క."

మమత ఆయన వైపు తిరిగింది. "నన్నడిగిన్రా కాకా?"

"ఏమడగాలె?"

"తిరుగుతవా, ఆఫీసుల కూసోని రాస్తవా, సెలవు గావాల్నా అని. బిడ్డ లెక్కనే అనుకుంటే, బిడ్డను అడిగిన్రా?"

రఘుపతి చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి. బయట బస్సు హారన్ మోగి ఆగింది. అడగలేదని ఆయన అన్నాడు. ఆ ఒక్క మాటే.

తర్వాత సంధ్యారాణి వంతు. సంతకం తనదేనని చెప్పింది. కాక చెప్పాడని రాశాను అని తప్పించుకోనని కూడా అంది. అంతటితో ఆగితే సరిపోయేది. ఆగలేదు. ఎక్కడి నుంచో పాత మాట నోట్లోకి వచ్చింది.

"నేను ఇరవై ఒకటో రోజు వచ్చిన టీచరమ్మా. ఈ కిటికీకే ఉయ్యాల గట్టిన. నాకు ఎవరూ సెలవియ్యలె. మరి ఇప్పటి పిల్లలకు..." అని, తన మాట తనకే వినపడి ఆగిపోయింది.

శ్యామలాదేవి కళ్ళద్దాల పైనుంచి చూసింది. ఆమె గొంతు బడిలో వెనక బెంచీ పిల్లను అడిగినట్టు నెమ్మదిగా ఉంది.

"ఆ రోజున నీకు ఎవరైనా సెలవు ఇచ్చి ఉంటే, తీసుకునేదానివా?"

సంధ్యారాణి నోరు తెరిచింది. అక్కర్లేదనేదాన్ని అని చెప్పబోయింది. కానీ ఆ ఇరవై ఒకటో రోజు కళ్ళముందుకొచ్చింది. మెట్ల మీద రెండుసార్లు కూర్చుని లేచింది. చీర తడిసిందని రిజిస్టరు అడ్డం పెట్టుకుని సాయంత్రం దాకా కుర్చీలోంచి కదల్లేదు. పాలు సరిపోక పిల్ల ఏడుస్తుంటే, పక్కగదిలో మగవాళ్ళు మీటింగులో ఉన్నారని నోటి మీద చెయ్యి పెట్టింది. ఇవేవీ ఆమె ఎవరికీ చెప్పలేదు. ఉయ్యాల సంగతి ఒక్కటే చెప్పుకుంటూ వచ్చింది.

"తీసుకునేదాన్ని" అంది.

సారక్క లేచి ఆమెకు మంచినీళ్ళు తెచ్చింది. మమత పిల్లను భుజం మార్చుకుంది.

నిర్ణయం వారానికి వచ్చింది. శ్యామలాదేవి తన చేత్తో ఒకే పేజీలో రాసింది. మమతను తీసేయడం తప్పు. ఆమె ఇష్టపడితే తిరిగి పనిలోకి తీసుకోవాలి. ఇప్పుడు ఆ పనిలో ఉన్న అమ్మాయి తప్పేమీ లేదు కాబట్టి ఆమెనూ తీసేయకూడదు. నియమాలు చదివిన చోటే, అంతమంది ముందే, సంఘం క్షమాపణ చదవాలి. ఇకమీద ఫిర్యాదుల కమిటీలో కార్యదర్శి గానీ అధ్యక్షుడు గానీ ఉండకూడదు.

క్షమాపణ సంధ్యారాణి చదివింది. ఈసారి వాన పడుతోంది. రేకుల కప్పు మీద వాన చప్పుడుకు వెనక వాళ్ళకు వినపడలేదని రెండుసార్లు చదవమన్నారు. రెండోసారి చదవడం మొదటిసారి కన్నా కష్టమైంది. అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక ముసలామె మాత్రం, "గట్లనా, ఆ పిల్ల తనే మానుకున్నదనుకున్న గద" అని పక్కనున్న ఆమెతో పైకే అంది.

రఘుపతి ఆ మీటింగుకు రాలేదు. ఆరోగ్యం బాగాలేదని రెండు వాక్యాల రాజీనామా పంపాడు. సంధ్యారాణి కూడా కార్యదర్శి పదవి వదిలేసింది. ఎవరూ వెళ్ళమనలేదు, ఉండమనీ అనలేదు. ఇప్పుడామె ఫీల్డ్ కార్యకర్త. నలబై ఆరేళ్ళ వయసులో మళ్ళీ బస్తీలు తిరుగుతోంది. కాళ్ళు వాస్తున్నాయి.

ఆగస్టులో ఋషికేశ్ వచ్చాడు. గోడకు తగిలించిన పదకొండు నియమాలను ఫొటో తీసుకున్నాడు. ఫిర్యాదుల రిజిస్టరు అడిగాడు. ఒకటో నంబరు చూసి, విచారణ కాగితాలన్నీ చదివి, చాలా మంచి పని చేశారు మేడం అన్నాడు. నిజంగానే అన్నాడు. కానీ నెల తర్వాత ఉత్తరం వస్తే, మూడేళ్ళకు అడిగిన సాయం ఏడాదికే మంజూరైంది. అంతర్గత వివాదం దృష్ట్యా అని కారణం రాశారు. కరీంనగర్ సంఘానికి మూడేళ్ళకూ వచ్చింది. వాళ్ళ రిజిస్టరులో ఫిర్యాదులు లేవు.

మమత తిరిగి వచ్చింది. వారానికి నాలుగు రోజులు బస్తీలు, రెండు రోజులు ఆఫీసు అని తనే చెప్పి, రాయించుకుని చేరింది. పని బాగా చేస్తుంది. ఎదురైతే నవ్వుతుంది. కానీ సంధ్యారాణిని ఇప్పుడు మేడం అంటుంది. అక్కా అని పిలవడం ఏ రోజు మానేసిందో సంధ్యారాణికి ఖచ్చితంగా తెలుసు. అడగదు.

సెప్టెంబరులో ఊడ్చేవాళ్ళ కేసు వాయిదాకు ఇద్దరూ కలిసే వెళ్ళారు. రఘుపతి భయపడ్డదే జరిగింది. లేబర్ అధికారి ముందే కాంట్రాక్టరు మేనేజరు కాళ్ళు చాపుకుని నవ్వాడు.

"మాకు చెప్పుడెందుకు మేడం? మీ సంఘంల మీరు గూడ కాన్పని తీసేసిన్రట గద ఎవలనో?"

సంధ్యారాణికి తల వంగిపోయింది. మమత వంచలేదు.

"తీసేసింది నన్నే. తప్పని రాసిచ్చి, అరవై మందిల చదివి, మల్ల తీసుకున్నరు." చేతిసంచీలోంచి శ్యామలాదేవి రాసిన పేజీ తీసి అధికారి బల్ల మీద పెట్టి, మేనేజరు వైపు తిరిగింది. "మీరు గూడ గంతే జెయ్యిండ్రి సారూ. ఎక్కువేం అడుగుతలేం."

అధికారి ఆ పేజీ ఆసాంతం చదివాడు. ఫైల్లో పెట్టుకున్నాడు. అక్టోబరుకు ముగ్గురిని పనిలోకి తీసుకున్నారు. నాలుగో ఆమె సంగతి, హాజరు పట్టీలో పేరు సరిగ్గా లేదని వాయిదా పడింది.

దీపావళి వెళ్ళాక ఒక సాయంత్రం సంధ్యారాణి రఘుపతి ఇంటికి వెళ్ళింది. ఆయన బెల్లంపల్లిలో ఉన్న అక్క దగ్గర రెండు నెలలుండి అప్పుడే వచ్చాడు. చిక్కిపోయాడు. మోకాలికి పట్టీ ఉంది. వసారాలో ఇద్దరూ చాయ్ తాగారు. వానల గురించి, దవాఖానలో వరస గురించి మాట్లాడుకున్నారు. సంఘం ఊసు ఆయన ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. కప్పు ఖాళీ అయ్యాక ఆమె లేవబోతుంటే ఆయన అడిగాడు.

"ఆ నాలుగో ఆమెది ఏమైంది?"

"వాయిదా పడ్డది కాకా. ఇరవై మూడున ఉన్నది. పేరు తప్పు పడ్డదంటున్నరు."

"పాత గేటు పాసు ఉంటది ఆమె దగ్గర. దాని మీద పేరు సరిగ్గనే ఉంటది. అది అడుగు. అసలుది ఇయ్యకు, నకలియ్యి."

"సరే కాకా."

"మమతను తోల్కపో" అన్నాడాయన. తర్వాత కళ్ళు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలాడు.

సంధ్యారాణి చెప్పులు వేసుకుని రోడ్డు మీదికి వచ్చింది. ఆటో కోసం కాసేపు చూసి, రాకపోయేసరికి నడవడం మొదలుపెట్టింది. నాలుగో ఆమె ఉండేది గంగానగర్ అవతల. చీకటి పడకముందే ఆ పాసు సంగతి అడిగి రావచ్చు.